మూడు కిలోల సంచిలో ఆటల కంప్యూటర్: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 23, ఆదివారం

జీడిపప్పు ఫ్యాక్టరీల్లో, రైసు మిల్లుల్లో మచ్చ గింజను ఏరిపారేసే కలర్ సార్టర్లకు సర్వీసు చేయడం నా ఉద్యోగం. పని పలాస-కాశీబుగ్గలో అయితే శ్రీకాకుళం నుంచి పొద్దున్నే వెళ్లి రాత్రికి ఇల్లు చేరతాను. కోనసీమలో మోరి అన్నా, చీరాల పక్కన వేటపాలెం అన్నా మూడు నాలుగు రోజులు లాడ్జిలో మకాం. పగలంతా జీడిపొట్టు దుమ్ము, కంప్రెసర్ మోత. రాత్రి ఎనిమిదింటికి గదికి వస్తే నేను, ఫ్యాను, నాలుగు గోడలు. ఫోనులో ఆటలు నాకు ఆనవు. ఇంట్లో 2022లో కట్టుకున్న డెస్క్‌టాప్ ఉంది కానీ దాన్ని మోసుకుని తిరగడమంటే గ్యాసు బండతో ప్రయాణం చేసినట్టే.

"ఆటల ల్యాప్‌టాప్ కొనుక్కో మావయ్యా, పని అయిపోతుంది కదా" అని మేనల్లుడు అన్నాడు. నిజమే. కానీ ప్రాసెసర్, మెమరీ, ఆటలూ ఫైళ్లూ దాచే ఎస్ఎస్‌డీ నా దగ్గర ఉన్నాయి. ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ: ఆరు కోర్లు, గ్రాఫిక్స్ దానిలోనే. భాగాలన్నీ కూర్చునే మదర్‌బోర్డు, పెట్టె, కరెంటు అందించే భాగం మారిస్తే చాలు. పైగా రోజూ ఊళ్లోవాళ్ల యంత్రాలు విప్పి బిగించేవాడికి తనదంటూ ఒకటి కట్టుకోవాలని ఉంటుంది. అందులో తర్కం లేదు, అదొక దురద.

లక్ష్యం: మొత్తం సంచి మూడు కిలోలు. చిన్న కంప్యూటర్లు కట్టేవాళ్లు చాలామంది పెట్టె ఎన్ని లీటర్లో గొప్పగా చెప్పి, దానికి తగిలించే ఇటుకంత అడాప్టర్ సంగతి మింగేస్తారు. భుజానికి వేలాడేది సంచి. కాబట్టి తెర, తీగలు, కీబోర్డు అన్నీ తూకంలోకి వస్తాయి.

మార్చి 2

పాత బోర్డు పెద్దది. పాతదే అయినా పనిచేస్తున్న, మినీ ఐటీఎక్స్ అనే చిన్న కొలత బోర్డు ఒకటి, ఏ520 చిప్‌సెట్‌ది, కొరియర్‌లో తెప్పించాను. ఈ కొలతను 2001లో వియా సంస్థ తెచ్చింది: 170 మిల్లీమీటర్ల చదరం. పెద్ద అప్పడమంత.

రెండు రోజులు గ్రాఫిక్స్ కార్డు మీద మనసు లాగింది. ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ రకంలో సగం ఎత్తువి దొరుకుతున్నాయి. 70 వాట్లే, విడిగా కరెంటు తీగ కూడా అక్కర్లేదు. కానీ కార్డు పెడితే పెట్టె రెట్టింపవుతుంది, అడాప్టర్ 200 వాట్లు దాటాలి, మూడు కిలోల మాట గోదాట్లో కలుస్తుంది. పైగా ఆమదాలవలసలో రైలు దిగి ఊళ్లోకి వచ్చే ఆటోలో ఆ కార్డు పడే అవస్థ తలచుకున్నాను. స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్. పేరులోనే నిజాయితీ ఉంది, అక్కడి నుంచి మనకు రోడ్డు మాత్రమే ఇస్తారు. కార్డు వద్దు. తక్కువ సెట్టింగులతో ఆడుకుంటాను.

వేడి లాగడానికి నోక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఏ. ఫ్యానుతో కలిపి ఎత్తు 37 మిల్లీమీటర్లు. మామూలు పవర్ సప్లయి పెట్టె బదులు చిన్న డీసీ బోర్డు: బయటి అడాప్టర్ నుంచి 19 వోల్టులు తీసుకుని లోపల 12, 5, 3.3గా విడగొడుతుంది. 16 నుంచి 24 వోల్టుల దాకా తట్టుకునే రకం కావాలని పట్టుబట్టి తీసుకున్నాను. అది తర్వాత అక్కరకు వచ్చింది.

మార్చి 9

పెట్టె కొలతలు కాగితం మీద: 200 × 190 × 65 మిల్లీమీటర్లు. రెండున్నర లీటర్ల లోపే.

నేను గీస్తుంటే అమ్మ పక్కన కూర్చుని, "ఇంత ముచ్చటపడుతున్నావు, బుడితిలో ఇత్తడితో చేయించరాదూ, కలకాలం ఉంటుంది" అంది. బుడితి ఇత్తడి అంటే ఆమెకు గురి. అమ్మమ్మ ఇచ్చిన బిందె ఇప్పటికీ ఇంట్లో ఉంది. సరదాకి లెక్క వేశాను. ఆరు పలకలూ కలిపి 1267 చదరపు సెంటీమీటర్లు. రెండు మిల్లీమీటర్ల మందమైతే 253 ఘన సెంటీమీటర్ల లోహం. ఇత్తడైతే రెండు కిలోల పైన నూట యాభై గ్రాములు, అల్యూమినియమైతే 684 గ్రాములు. వేడిని లాగడంలో కూడా అల్యూమినియమే మెరుగు. అమ్మకు లెక్క చూపించాను. "అయితే బిందెలో పెట్టుకో" అని లేచి వెళ్లిపోయింది.

మందం ఒకటిన్నర మిల్లీమీటర్లకు తగ్గించాను. డే అండ్ నైట్ కూడలి దాటాక ఒక సందులో కిటికీలు, పార్టిషన్లు చేసే అల్యూమినియం షాపు ఉంది. అక్కడి పెద్దాయనకు కాగితం ఇచ్చాను. కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశాడు.

"పోస్టు డబ్బానా బాబూ?"

"కాదు బాబాయ్, కంప్యూటర్."

"మరి తలుపేదీ?"

మార్చి 16

తప్పు నాదే. బోర్డు కూర్చునే గదికి అటూ ఇటూ మడిచిన అంచులు నిలబెట్టి, వాటి మధ్య 172 అని రాశాను. లోపలి కొలత అని రాయలేదు. కిటికీలు చేసేవాళ్లకు కొలత అంటే బయటి కొలత. రేకు మందం రెండు వైపులా పోయి లోపల 169 మిగిలింది, బోర్డు 170. ఒక్క మిల్లీమీటరు. ఆకురాయితో అరగదీద్దామా అనుకున్నాను కానీ మడత దగ్గర అరగదీస్తే రేకు విరుగుతుందని బాబాయే వద్దన్నాడు. కొత్త ముక్క కోశాడు. డబ్బులు ఇవ్వబోతే రేకు ఖరీదే తీసుకుని, "ఈసారి బొమ్మ మీద బాణం గుర్తు వెయ్యి, లోపలికా బయటికా తెలుస్తుంది" అన్నాడు. సర్వీసులో మా కుర్రాళ్లకు నేను చెప్పే మాటే.

వెనకవైపు ప్లగ్గుల కోసం కోయాల్సిన కిటికీ కొలత అన్ని బోర్డులకూ ఒకటే: 158.75 × 44.45. మిల్లీమీటర్లలో వింతగా ఉంటుంది, అంగుళాల్లో ఆరుంపావు, ఒకటీముప్పావు. ఇది మాత్రం బాబాయ్ టేపు తీయకుండానే గుర్తు పెట్టేశాడు.

మార్చి 30, ఉగాది

షాపు మూసి ఉంది. పచ్చడి తిని మేడ మీద కూర్చున్నాను. డ్రిల్లు వేసిన ప్రతి కన్నానికీ అంచున సన్నటి లోహపు ముళ్లు లేచి ఉన్నాయి. కన్నాలు నూట నలభై. ఒక్కో దాన్నీ ఆకురాయి మొనతో తిప్పి నున్నగా చేశాను. ఇక్కడ బద్ధకం పనికిరాదు. వెంట్రుకంత అల్యూమినియం తునక బోర్డు మీద పడితే రెండు కాళ్లను కలిపేస్తుంది, ఆ తర్వాత వాసన తప్ప ఏమీ మిగలదు. పెట్టెను సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టాకే లోపలికి తెచ్చాను.

సాయంత్రం బిగించాను. బటన్ నొక్కితే ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. బోర్డు బయటికి తీసి బల్ల మీద కార్డుబోర్డు పరిచి పెడితే చక్కగా నడుస్తోంది. అంటే పెట్టె ఎక్కడో తగులుతోంది. టార్చి వేసి వెతికితే అడుగు పలకకు వేసిన రివెట్లలో ఒకదాని తోక ఎక్కువ పొడుచుకు వచ్చింది. బోర్డును ఎత్తి పట్టే ఇత్తడి స్తంభాల ఎత్తు ఆరు మిల్లీమీటర్లు. రివెట్ తోక కూడా దాదాపు అంతే. బోర్డు కింద టంకం చుక్క ఒకటి దాన్ని ముద్దు పెట్టుకుంటోంది. తోక కోసి, పైన ఇన్సులేషన్ టేపు. రాత్రి పదకొండింటికి తెర వెలిగింది.

ఎస్ఎస్‌డీ గది ఈ బోర్డుకు వెనకవైపు ఉంది, అక్కడికి గాలి పోదు. ఎస్ఎస్‌డీకీ అడుగు పలకకూ మధ్య థర్మల్ ప్యాడ్ పెట్టాను. ఇప్పుడు పెట్టె అడుగే దానికి వేడి లాగే పలక. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. పని జరుగుతున్నట్టు లెక్క.

ఏప్రిల్ 6

ఈ వారమంతా వేడితో కుస్తీ.

మూత తీసి కార్ల పందెం ఆట అరగంట ఆడితే ప్రాసెసర్ 76 డిగ్రీలు. మూత వేస్తే పదిహేను నిమిషాల్లో 93. దీనికి పైహద్దు 95. అక్కడికి చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆట కుంటుపడుతుంది, ఫ్యాను ఈల వేస్తుంది. బయట ఇంకా ఏప్రిల్ మొదటి వారమే. ముందుంది ముసళ్ల పండుగ.

మూత మీద ఇంకా ముప్పై కన్నాలు వేశాను. రెండు డిగ్రీలు తగ్గింది. పక్కల్లో గాట్లు పెంచాను. ఇంకో డిగ్రీ. రోజుకో కన్నం చొప్పున వేస్తూ పోతే పెట్టె జల్లెడ అవుతుంది కానీ చల్లబడదని అర్థమైంది.

బుధవారం కాశీబుగ్గలో ఒక సార్టర్ దగ్గర నిలబడి ఉన్నాను. మంచి పలుకు కూడా చెత్తలోకి పోతోందని ఫిర్యాదు. ఈ యంత్రంలో పలుకులు జారుతుంటే కెమెరా ఒక్కోదాన్నీ చూస్తుంది. మచ్చ ఉన్నదాన్ని గాలి పిచికారీతో పక్కకు ఊది పడేస్తుంది. వెనక్కి వెళ్లి చూస్తే పొట్టు పీల్చే గొట్టం నోరూ, పొట్టు బయటికి వదిలే మూతీ జానెడు దూరంలో ఉన్నాయి. వదిలిన దుమ్మునే మళ్లీ పీల్చి కెమెరా అద్దం మీద పోసుకుంటోంది. "ఊదిన గాలి మళ్లీ లోపలికి రాకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?" అని వాళ్లను కేకలేస్తూ మధ్యలో ఆగిపోయాను. వాళ్లు నన్ను వింతగా చూశారు.

నా పెట్టెలో జరుగుతున్నదీ అదే. ఫ్యాను కిందికి ఊదుతుంది. దానికీ మూతకూ మధ్య పది మిల్లీమీటర్ల ఖాళీ. కన్నాల్లోంచి చల్లగాలి లాగడం కంటే, ఆ ఖాళీలోంచి పక్కన తిరుగుతున్న వేడిగాలి లాగడం ఫ్యానుకు తేలిక. తన సెగ తానే తాగుతోంది. పన్నెండేళ్లుగా ఊరందరికీ చెబుతున్న సంగతి, నా బల్ల మీద ఉంటే కనబడలేదు.

బాబాయ్ దగ్గర కిటికీ రెక్కల సందుల్లో అంటించే నల్ల రబ్బరు స్పాంజి ఉంటుంది. గజం ముక్క తెచ్చి, ఫ్యాను చుట్టూ చతురస్రంగా మూతకు లోపలివైపు అంటించాను. పన్నెండు మిల్లీమీటర్ల మందం, మూత బిగిస్తే పదికి నొక్కుకుంటుంది. ఇప్పుడు ఫ్యానుకు పైనుంచి తప్ప గాలి రాదు. ఆ చతురస్రం బయట మూత మీద ఉన్న కన్నాల్లోంచి, పక్క గాట్లలోంచి వేడి పోతుంది.

మొదట్లో 93 ఉన్నది 82కి వచ్చింది. ఖర్చు ముప్పై రూపాయలు.

బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, ప్రాసెసర్‌ను 65 వాట్ల నుంచి 45 వాట్లకు దించాను. 65 అన్నది పేరుకే. ఆ స్థాయిలో బోర్డు మీది తన సాకెట్ నుంచి 88 వాట్ల దాకా లాగుతుంది, 45 పెడితే 61 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు 74 డిగ్రీలు. ఆటలో తేడా కొద్దిగానే ఉంది, ఎందుకంటే ఇక్కడ ఇరుకు గ్రాఫిక్స్ దగ్గర, కోర్ల దగ్గర కాదు.

ఏప్రిల్ 20

మొదటి ప్రయాణం, మోరి. సంచి ఇలా ఉంది: పెట్టె, 120 వాట్ల అడాప్టర్, గోడ తీగ, మామూలు కీబోర్డు, మౌస్, గేమ్ కంట్రోలర్. తెర లేకుండానే 3 కిలోల 560 గ్రాములు. తెర ఎందుకు, లాడ్జి గదిలో టీవీ ఉంటుంది కదా అన్నది నా తెలివి.

టీవీ ఉంది. గోడకు అతుక్కుని ఉంది. హెచ్‌డీఎంఐ సాకెట్ వెనక ఉంది, వేలు దూరదు. రెండో రోజు గది మార్పించుకున్నాను. ఆ టీవీకి సాకెట్ పక్కన ఉంది కానీ రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చే బటన్ పనిచేయకుండా చేసేశారు. మూడో రోజు రిసెప్షన్‌లో కుర్రాడు అసలు రిమోట్ తెచ్చిచ్చాడు. తీరా ఆడితే బటన్ నొక్కాక కారు తిరగడానికి ఒక ఘడియ పడుతోంది. గేమ్ మోడ్ లేని టీవీలు బొమ్మకు సోకులు చేసి చూపిస్తాయి, ఆ సోకులకు సమయం పడుతుంది. సినిమాకు పర్వాలేదు, పందేనికి పనికిరాదు.

తిరుగు ప్రయాణంలో ఒక పెద్ద స్టేషనులో సంచి స్కానర్‌లోకి వెళ్లి ఆగింది. లోపల రేకు డబ్బా, తీగలు, ఫ్యాను. పోలీసాయన తీయమన్నాడు. కంప్యూటర్ అంటే నమ్మలేదు. మూత విప్పి చూపించాక మెత్తబడి, "మా వాడికీ ఒకటి చేసిపెడతారా, ఎంతవుతుంది?" అని అడిగాడు. రైలు ఆ పక్క ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది.

ఇంటికి వచ్చి పెడితే ఆట వేగం మూడో వంతు పడిపోయింది. సెకనుకు 61 ఫ్రేములు వచ్చే చోట 40. వేడి లేదు. వైరస్ అనుకున్నాను, డ్రైవర్ అనుకున్నాను, మేనల్లుడి మీద కూడా అనుమానపడ్డాను. చివరికి చూస్తే మెమరీ 16 జీబీ బదులు ఎనిమిదే కనిపిస్తోంది. రెండు మెమరీ పుల్లల్లో ఒకదాన్ని పట్టి ఉంచే చెవి పూర్తిగా పడలేదు. ఆటో కుదుపులకు లేచి వచ్చింది. ఈ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, వీటినే వాడుకుంటుంది. రెండు పుల్లలుంటే రెండు దారులు, ఒకటి పోతే ఒకే దారి. నొక్కితే టక్కుమంది. 61 తిరిగి వచ్చింది.

ఏప్రిల్ 27

15.6 అంగుళాల పోర్టబుల్ మానిటర్ కొన్నాను. కవరుతో 790 గ్రాములు. ఇక అడాప్టర్‌ను కుదించాలి. అదీ తీగా కలిపి 690 గ్రాములు, పెట్టె బరువులో దాదాపు సగం.

యూఎస్‌బీ పీడీ చార్జర్లు ఎదుటి పరికరంతో ఒప్పందం చేసుకుని అది అడిగిన వోల్టులు ఇస్తాయి. వాటిలో 100 వాట్ల రకం 20 వోల్టులు, 5 ఆంపియర్ల దాకా ఇస్తుంది. నా డీసీ బోర్డుకు 20 వోల్టులు సమ్మతమే. మధ్యలో చార్జర్‌ను 20 వోల్టులు అడిగే గోరంత బోర్డు ఒకటి కావాలి. తెప్పించాను. 100 వాట్ల చార్జర్, తీగతో కలిపి 250 గ్రాములు. ఒక్క దెబ్బకు 440 గ్రాములు మిగులు. ఆ రాత్రి చాలా గొప్పవాడిననుకున్నాను.

మర్నాడు మేనల్లుడు "నీ బయోస్ సెట్టింగు మార్చి చూద్దాం" అని మళ్లీ 65 వాట్లకు పెట్టాడు. ఫుట్‌బాల్ ఆటలో పెనాల్టీ కొట్టబోతుండగా మొత్తం ఆరిపోయింది. 88 వాట్లు ప్రాసెసర్‌కే పోతే మిగతావాటికి మిగిలేది ఏముంది? చార్జర్ చేతులెత్తేసింది. తిరిగి 45కి దించాం.

అయినా ఆగుతోంది. ఎప్పుడు ఆగుతోందో గమనిస్తే, మానిటర్ తీగను చార్జర్ రెండో రంధ్రంలో పెట్టిన క్షణంలో. దీనికి అరపూట పట్టింది. రెండు రంధ్రాలున్న ఇలాంటి చార్జర్లలో రెండోది వాడగానే ఒప్పందం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది: మొదటిదానికి కరెంటు ఒక్క క్షణం కట్ చేసి, ఇక నీకు 65 వాట్లే అంటుంది. ఫోనుకైతే ఆ క్షణం తెలియదు. నా పెట్టెలో బ్యాటరీ లేదు కాబట్టి ఆ క్షణమే దానికి ఆఖరిది. డబ్బా మీద ఈ సంగతి చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది కూడా. మానిటర్‌కు విడిగా ఫోను చార్జర్ ఇచ్చాను. తొంభై గ్రాములు పెరిగింది.

మే 11

వేటపాలెం. ఐదు రోజుల పని, నాలుగు రాత్రులు. గదిలో ఏసీ లేదు. తొమ్మిదింటికి కూడా గాలి పెనం మీంచి వచ్చినట్టు ఉంది. ప్రాసెసర్ 81. రెండు గంటలు ఏకధాటిగా ఆడాను, ఆగలేదు. కీబోర్డు, మౌస్ ఇంట్లో వదిలేసి, టచ్‌ప్యాడ్ ఉన్న చిన్న వైర్‌లెస్ కీబోర్డు తెచ్చాను, 160 గ్రాములు. దాని మీద నాలుగు లైన్లు రాస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. పాస్‌వర్డు కొట్టడానికి చాలు.

ఒక లోపం బయటపడింది. మూడో రోజుకు మూత కన్నాల మీద గోధుమరంగు పొర. నా బట్టలకు అంటిన జీడిపొట్టే గదిలో ఎగిరి ఇక్కడ చేరింది. మూత లోపల సన్నటి నైలాన్ వల అంటించాలి. దోమతెర గుడ్డ సరిపోతుందనుకుంటున్నాను. గాలి ఎంత తగ్గుతుందో ఇంటికి వెళ్లాక చూడాలి.

చివరి రోజు ఫ్యాక్టరీలో, పౌనుకు ఎన్ని పలుకులన్న లెక్కన గ్రేడు కట్టిన పప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటా ఖాళీగా కనిపించింది. సంచి దించి ఒక్కొక్కటీ పెట్టాను. పెట్టె 1.560. మానిటర్ 0.790. చార్జర్ 0.250. ఫోను చార్జర్ 0.090. కంట్రోలర్ 0.280. కీబోర్డు 0.160. హెచ్‌డీఎంఐ తీగ 0.080. అన్నీ కలిపి 3.210. రెండు వందల పది గ్రాములు ఎక్కువ. కంట్రోలర్ వదిలేస్తే లోపలికి వస్తుంది కానీ, అది లేకుండా ఇదంతా మోయడం ఎందుకు?

కాటా దగ్గర గుమాస్తా అలవాటు కొద్దీ 3.210 అని చీటీ రాసేసి, పెన్ను ఎత్తి అడిగాడు. "గ్రేడు ఏమని రాయమంటారండీ? 240? 320?"

"ముక్కలని రాయండి" అన్నాను. రాశాడు. ఆ చీటీ మూత లోపల, స్పాంజి పక్కన అంటించి ఉంది.